ఇంటిపేరు ఏ గడిలో?

మొన్న ఆదివారం పొద్దున్నే మా మేనకోడలు వచ్చి, "మామయ్యా, అమీర్‌పేట దాకా తోడు రావూ?" అంది. మేముండేది పంజాగుట్టలో. మెట్రో ఎక్కితే మరుసటి స్టేషనే. అయినా నడిచే వెళ్ళాం. పిల్ల మనసులో వున్నదంతా వెళ్ళగక్కడానికి ఆ మాత్రం దూరం కావాలి మరి.

అమ్మాయి జీవరసాయనంలో పరిశోధన చేస్తోంది. నాలుగేళ్ళ కష్టాన్ని వ్యాసంగా రాసి ఒక విదేశీ పత్రికకు పంపితే, రెండో రోజుకల్లా తిరిగి వచ్చేసింది. తప్పులున్నాయని కాదు, ఎవరూ చదవనే లేదు. "మా నమూనాలో లేదు, సరిచేసి పంపండి" అన్నారట.

"చదివేది మనిషి కాదుటే?" అన్నాను.

"ముందు యంత్రం, మామయ్యా. ఆ తర్వాతే మనిషి."

వెనకటికి వ్యాసం టైపు చేయించి, రెండు మూడు ప్రతులు రిజిస్టరు పోస్టులో పంపితే సరిపోయేది. 1977లో డోనాల్డ్ నూత్ అనే అమెరికన్ పండితుడు తన పుస్తకం ప్రూఫులు చూసి మనసు విరిగి, టెక్ అనే కంప్యూటరు అచ్చు పద్ధతికి పూనుకున్నాడు. దాని మీద లేటెక్ వచ్చింది. 2012లో పత్రికా వ్యాసాల కోసం జాట్స్ అనే ప్రమాణం అమెరికాలో ఖాయమైంది. మర్మమల్లా ఒకటే: ప్రతి ముక్కకూ "ఇది శీర్షిక, ఇది రచయిత పేరు, ఇది ఆధారం" అని చీటీ అంటించడం. మా ఇంట్లో ఆవకాయ జాడీ ఏదో మాగాయ జాడీ ఏదో మా ఆవిడకు చూడగానే తెలుస్తుంది. నాకైతే చీటీ వుండాలి. యంత్రమూ నాబోటిదే.

మైత్రీవనం దగ్గర బోర్డుల అడవిలోంచి దారి చేసుకుని, ఓ మేడమీద కంప్యూటరు దుకాణం చేరాం. అక్కడి కుర్రవాడు గట్టివాడు. బొమ్మలు వేరు చేశాడు, ఆధారాలకు అంకెలు వేశాడు, గంటలో వ్యాసాన్ని దారికి తెచ్చాడు. తీరా పేరు దగ్గర ఆగిపోయాడు.

"మేడమ్, సర్‌నేమ్ గడిలో ఏం వెయ్యమంటారు?"

అమ్మాయి మొహం చిన్నబోయింది. అసలు గొడవ అక్కడే వుంది. మొదటి వ్యాసంలో ఆ గడిలో ఇంటిపేరు పెట్టింది. రెండోదానిలో తోటి రచయిత ఎవరో ఆమె పేరులో చివరి ముక్క పెట్టి, ఇంటిపేరును ఒక్క అక్షరానికి కుదించారు. ఇప్పుడు యంత్రం లెక్కలో వీళ్ళు ఇద్దరు ఆడపిల్లలు! వచ్చే నెలలో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాలి. అక్కడివాళ్ళు యంత్రాన్ని అడిగితే, సగం కష్టం వేరెవరిదో అంటుంది.

ఇది ఇప్పటి తంటా కాదు. 1925లో భాస్వరాన్ని కొలిచే పద్ధతి ప్రకటించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు లోకానికి "ఫిస్కే-సుబ్బారావు"లలో సుబ్బారావే. యల్లాప్రగడ పొడి అక్షరమైపోయింది. 1945లో కలకత్తా గణిత సంఘం పత్రికలో రాసిన కల్యంపూడి రాధాకృష్ణారావుగారు క్రామెర్-రావు సూత్రంలో ఉత్త రావుగారయ్యారు. ఆయన 2023లో పోయేదాకా ప్రపంచానికి రావుగారే. రావన్నది ఇంటిపేరు కాదని ఆ యంత్రాలకు ఎవరు చెప్పాలి? అంతటివారికి ఎలాగూ చెల్లిపోయింది. మరి ఈనాటి వేలాది రావులూ రెడ్లూ లక్ష్ములూ?

"ఆర్కిడ్ నెంబరుందా మేడమ్?" అన్నాడు కుర్రవాడు. 2012 నుంచి పరిశోధకులకు ఊరికే ఇస్తున్న పదహారంకెల సంఖ్య అది. పేరు ఎన్ని వేషాలు వేసినా మనిషి ఒక్కరేనని చెబుతుందట. అమ్మాయికి లేదు. అక్కడే కూర్చుని తీసుకుంది, పాత వ్యాసాలు రెండూ దాని కిందికి చేర్చింది. ఆధార్‌కు పన్నెండు, దీనికి పదహారు. మా తాతగారికి ఒక్క అంకె కూడా లేకుండానే ఊరంతా తెలుసు.

ఇంటిపేరు పూర్తిగా సర్‌నేమ్ గడిలోనే పెట్టించి, పంపే మీట తనే నొక్కింది.

సాయంత్రం మా అక్కయ్యకు ఆ మొదటి పేజీ చూపించాం. కళ్ళజోడు సవరించుకుని, "ఇదేమిట్రా, పిల్ల పేరు ముందేసి మన ఇంటిపేరు తోకలా తగిలించారు?" అంది.

"అలా వుంటేనే ఇంటిపేరని తెలుస్తుందిటే," అన్నాను.

అక్కయ్య కాగితం తిరగేసి వెనక కూడా చూసింది.