లాల్‌బాగు చూడబోవువారికి

కుప్పమున రైలెక్కి బెంగుళూరు లాల్‌బాగునకు సకుటుంబముగా పోవువారు పువ్వులను చూచి, పిల్లలకు మిఠాయి కొనిపెట్టి మరలి వచ్చుచున్నారు. ఇది చాలదని మా యభిప్రాయము. ఆ తోటను 1760లో హైదరాలీ నాటింప నారంభించెను. టిప్పు సుల్తాను పరదేశముల నుండి మొక్కలు తెప్పించెను. 1799లో టిప్పును కూల్చిన యింగ్లీషువారే పిమ్మట దానిని పోషించుట వింతగదా! లండను స్ఫటికభవనమును పోలిన అద్దాలమేడ 1889 నాటిది.

వీనియన్నింటికంటె పెద్దది యచ్చటి బండ. దాని వయస్సు దాదాపు 300 కోట్ల సంవత్సరములు! మన బాలురు దానిపై పరుగులిడుదురేగాని యదియేమని యడుగరు. తల్లిదండ్రులు అచ్చటి ఫలకమును చదివి వినిపింపవలెను. రామకుప్పపు గుట్టనుండి రాతిముక్క నొకటి వెంట తీసికొనిపోయి, ఆ బండతో పోల్చి చూచి రండని ఉపాధ్యాయులు సెలవులకు ముందే చెప్పవలెను.