సొమ్మొకడిది, సోకొకడిది

2025 జులైలో 'తమ్ముడు' అనే సినిమా వచ్చింది. 1999 నాటి 'తమ్ముడు' కథకూ దీనికీ చుట్టరికం లేదు. 2023 'ఖుషి'దీ, 2018 'తొలిప్రేమ'దీ ఇదే వరస. పేరు పాతది, కథ కొత్తది. ఆ పేర్ల కోసం కొట్లాడటానికి అభిమానులున్నారు. అడిగేవాళ్ళు లేని పేర్ల సంగతేమిటన్నదే మా ప్రశ్న. అది మా ఊరి ప్రశ్న కూడా.

ఉదయగిరి అనగానే కృష్ణదేవరాయలు 1514లో గజపతుల నుంచి గెలుచుకున్న దుర్గమే అందరికీ గుర్తొస్తుంది. సినీ దర్శకుడు సింగీతం శ్రీనివాసరావు గారు 1931లో పుట్టిన ఊరు కూడా అదే. ఉదయగిరి, ఆత్మకూరు మెట్టసీమ అంటే కరువూ వలసలేనని తేల్చేసేవాళ్ళకు మేం చూపించుకోగలిగిన పేరు ఆయనది. ఆయన కె.వి. రెడ్డి గారి దగ్గర సహాయకుడిగా 1957 'మాయాబజార్'కు పనిచేశారు. ప్రమాదంలో కాలు పోగొట్టుకుని, జైపూర్ కాలితో మళ్ళీ గజ్జె కట్టిన సుధాచంద్రన్ చేతనే ఆమె కథను నటింపజేసి 1985లో 'మయూరి' తీశారు. 1987లో ఒక్క సంభాషణ లేకుండా 'పుష్పక విమానం' తీశారు.

ఇప్పుడు ఈ మూడు పేర్లూ ఏమయ్యాయో చూడండి. 'మాయాబజార్' పేరుతో 2006లో మరో సినిమా వచ్చింది. 2015లో ఒక తమిళ దయ్యాల సినిమాను తెలుగులోకి మార్చి 'మయూరి' అని పేరు పెట్టారు. కృత్రిమ పాదంతో నాట్యమాడిన అమ్మాయి పేరు దయ్యం కథకు పోయింది. 2021లో, పెళ్ళయిన కొత్తలోనే భార్య వెళ్ళిపోయిన ఒక బడిపంతులు కథకు 'పుష్పక విమానం' అన్నారు. ఆ సినిమాలు తీసినవారి శ్రమను మేం చిన్నబుచ్చడం లేదు. కానీ ఆత్మకూరులో డిగ్రీ చదివే పిల్లవాడు ఫోనులో 'పుష్పక విమానం' అని కొడితే ఏది ముందు కనపడుతుందో, ఏది చూసి అదే అసలుదనుకుంటాడో ఎవరికైనా పట్టిందా?

పుష్పక విమానం రామాయణంలోది కదా, సింగీతం గారి సొంతమా అని అడుగుతారు. ఆయనే గూడవల్లి రామబ్రహ్మం గారి 1943 'పంతులమ్మ' పేరును 1977లో వాడుకోలేదా అనీ అంటారు. పంతులమ్మ అనేది ఒక వృత్తి పేరు, అది ఎవరికైనా చెందుతుంది. పుష్పకం రామాయణంలోదే అయినా, ఉద్యోగం లేని కుర్రాడు దొంగచాటుగా దొరతనం వెలగబెట్టిన హోటలుకు ఆ పేరు పెట్టి, దానికి కొత్త అర్థం కల్పించినవాడు సింగీతం.

కథతో పాటు వచ్చే పేరు వేరు, కథను వదిలేసి పేరును మాత్రమే ఎత్తుకుపోవడం వేరు. 1934లో 'లవకుశ' తీసిన సి. పుల్లయ్య గారే అదే కథను రంగుల్లో మళ్ళీ మొదలుపెడితే, కొడుకు సి.ఎస్. రావు గారు పూర్తిచేయగా 1963లో విడుదలైంది. 'చెంచులక్ష్మి' 1943లో వచ్చింది, 1958లోనూ వచ్చింది. నరసింహస్వామి చెంచుపడుచును మనువాడాడని మా పెంచలకోన స్థలపురాణమూ చెబుతుంది. ఆ కథ వెలిగొండలది, ఎవరైనా ఎన్నిసార్లయినా తీయవచ్చు. శరత్ నవల 'దేవదాసు'ను 1953లో వేదాంతం రాఘవయ్య గారూ, 1974లో విజయనిర్మల గారూ తీశారు. తప్పేముంది? 2006 'దేవదాసు'కు శరత్‌తో ఏం పని? రాయల కాలపు కథగా బి.ఎన్. రెడ్డి గారు 1951లో తీసిన 'మల్లీశ్వరి' పేరు 2004లో ఒక బ్యాంకు ఉద్యోగి ప్రేమకథకు ఎందుకు కావలసివచ్చింది? జనం నాలుక మీద ముందే ఉన్న పేరు కనుక. ఇంకొకరు యాభై ఏళ్ళు సంపాదించిపెట్టిన గౌరవం ఖర్చు లేకుండా చేతికొస్తుంది కనుక.

చట్టం ఒప్పుకుంటోందని పరిశ్రమ అంటుంది. నిజమే, ఒట్టి పేరుకు కాపీరైటు లేదని 'దేశీ బాయ్స్' కేసులో సుప్రీంకోర్టు 2015లో చెప్పింది. కానీ చట్టం అడ్డురానిదల్లా మర్యాద అయిపోదు. పేరు మార్చడం చేతకాదని మాత్రం చెప్పకండి. వేరే నిర్మాత 'ఖలేజా' తనదంటే 2010లో 'మహేష్ ఖలేజా' అయింది. 2019లో 'గ్యాంగ్ లీడర్' పేరుకు తగువొస్తే అది 'నానీస్ గ్యాంగ్ లీడర్' అయింది. అదే ఏడాది బోయ సోదరులు అభ్యంతరం చెబితే 'వాల్మీకి' విడుదలకు ముందు రాత్రికి రాత్రే 'గద్దలకొండ గణేష్' అయింది. డబ్బు అడ్డొస్తే పేరు మారుతుంది, జనం కదిలితే పేరు మారుతుంది. వెనక సంఘం లేని, వ్యాజ్యం వేసే నిర్మాత లేని పాత సినిమా పేరే ఎవరైనా తన్నుకుపోగల పేరు. ఇది దిక్కులేనివాడి పొలం గట్టు జరపడమే.

అందుకే మా కోరిక సూటిగా చెబుతున్నాం. పేరు నమోదు చేసేటప్పుడు ఫిలిం ఛాంబర్ పాత నమోదు గడువు తీరిందా లేదా అని చూసి ఊరుకోకూడదు. ఆ పేరుతో అంతకుముందు ఏ సినిమా వచ్చిందో రాతపూర్వకంగా చెప్పించాలి. కథ అదే కాకపోతే పేరుకు ముందో వెనకో మరో మాట చేర్చనిదే పోస్టరు వేయనివ్వకూడదు. హీరో పేరు తగిలించడం చేతనైనవాళ్ళకు ఇది కష్టం కాదు. పత్రికలకూ బాధ్యత ఉంది. వచ్చే సంచిక నుంచి మా పత్రికలో ఏ సినిమా పేరు అచ్చయినా పక్కన దర్శకుడి పేరూ, విడుదలైన ఏడూ ఉంటాయి. రచయితలు రాయకపోతే మేం చేరుస్తాం. తెలుగు పత్రికలన్నీ ఈ పని చేస్తే, 'మయూరి' అన్నప్పుడు ఏ మయూరి అని పాఠకుడే అడుగుతాడు. అడగడం అలవాటైన పాఠకుడి ముందు అరువు పేర్ల వ్యాపారం ఎక్కువ కాలం సాగదు.