సందూక్‌లో మిగిలిన పాట

మర్హూమ్ అబ్బా దుబాయ్ నుంచి తెచ్చిన గేమ్‌బాయ్ తిరుమలాయపాలెంలో మా సందూక్‌లో ఉంది. తెర పోయింది. కార్ట్రిడ్జ్ బతికే ఉంది. మొన్న మా బేటీ అందులోంచి టెట్రిస్ పాట కంప్యూటర్‌లోకి తీసింది. వినగానే అమ్మీ కళ్లు తుడుచుకుంది.

"అబ్బూ, ఇందులో రికార్డు చేసిన పాటేం లేదు. నాలుగు ఛానెళ్ల చిప్‌కి ఏ స్వరం ఎప్పుడు పలకాలో చెప్పే హుకుంలే ఉన్నాయి" అంది బేటీ. వాటిని ఆట నుంచి విడదీసి జీబీఎస్ ఫైలుగా దాస్తారట.

దీన్ని చోరీ అనేవాళ్లున్నారు. నేనొప్పుకోను. కొన్న కార్ట్రిడ్జ్ నుంచి ఇంట్లో వినడానికి తీస్తే హిఫాజత్. అమ్ముకుంటే, రష్యా జానపద బాణీని 1989లో ఆ చిప్‌కి మలిచిన హిరోకాజు తనకా పేరు చెరిపేస్తే మాత్రం అమానత్‌లో ఖయానత్.

మీ సందూక్ కూడా ఓసారి తెరవండి. ఎవరి యాద్ మూగబోతోందో!