ఔత్సాహికుడు - నీటిరంగులు

చిత్రలేఖనాన్ని వృత్తిగా గాక ప్రీతితో అభ్యసించేవారిని ఔత్సాహికులంటాం. ఉపాధ్యాయులు, ఉద్యోగులు, గృహిణులు ఎందరో ఆదివారం తీరిక చేసుకొని నీటిరంగుల కార్యశాలలకు వెళుతున్నారు. సంతోషమే. కాని అక్కడ వారికి లభిస్తున్నదేమిటి? కొన్నిచోట్ల శిక్షకుడు ఉదయం ఒక చిత్రం వేసి చూపుతాడు. సాయంత్రానికి ఇరవైమంది చేతుల్లోనూ అదే పడవ, అదే సూర్యాస్తమయం! ప్రశంసాపత్రం పుచ్చుకొని ఇల్లు చేరినవారు తమ పెరటి జామచెట్టును చిత్రించబోతే చేయి కదలదు.

నీటిరంగుల స్వభావం వేరు. తైలవర్ణంలో పొరపాటును మరొక పూతతో కప్పవచ్చు. ఇక్కడ రంగు పారదర్శకం. అడుగుపూత పైపూతలోనుండి కనబడుతూనే ఉంటుంది. కాగితమే తెలుపు గనుక వెలుగు ఎక్కడ నిలవాలో కుంచె ముంచకముందే నిశ్చయించుకోవాలి. తడిగా ఉన్నప్పుడు గాఢంగా తోచిన రంగు ఆరిన పిమ్మట వెలవెలబోతుంది. సగం ఆరిన పూతపై నీటిబొట్టు పడితే అంచులు చిట్లిన మరక విచ్చుకొంటుంది. ఎంతసేపు ఆగాలో గడియారం చూసి చెప్పడం కుదరదు. అనంతపురం ఎండలో నిమిషాల్లో ఆరే పూత కోనసీమ ముసురులో ఎంతకూ ఆరదు. కాగితాన్ని ఏటవాలుగా పట్టి, తడిమెరుపు తగ్గే క్షణాన్ని కన్ను పసిగట్టాలి. కాగితాలు పాడుచేయనిదే ఈ విద్య అబ్బదు.

అందుచేత రుసుములో అధికభాగం కాగితానికే వెచ్చించాలని నా అభిప్రాయం. చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే కాగితం తడిని ఓర్చుకొంటుంది. పలుచని కాగితం ముడతలు పడి, రంగు గుంటల్లో చేరుతుంది. లోపం తన చేతిలోనే ఉందని భ్రమించి ఔత్సాహికుడు కుంచె కట్టిపెడతాడు.

వృత్తి చిత్రకారులు కానివారికి ఈపాటి శిక్షణ చాలునని కొందరి వాదం. రాజమహేంద్రవరం ప్రభుత్వ కళాశాల ప్రధానాచార్యుడు ఆస్వాల్డ్ కూల్డ్రేకు చిత్రలేఖనం వృత్తి కాదు, అభిరుచి. దామెర్ల రామారావు (1897-1925) ప్రతిభను గుర్తించి ప్రోత్సహించినది ఆయనే. అడివి బాపిరాజు సైతం ఆయన శిష్యుడే.

చిత్రం లేకుండా పంపితే అభ్యాసకులు మళ్లీ రారని నిర్వాహకులు జంకుతారు. ఆ జంకు అకారణం కాదు. ఉదయమంతా నీటి పాళ్లు, పూతలు సాధన చేయించి, సాయంత్రం గంటసేపు ఎవరికి నచ్చిన వస్తువును వారిచేతనే చిత్రింపజేస్తే ఆ కొరతా తీరుతుంది.