గోస్తనికి ఎదురుగా

అనంతగిరి కొండలలో పుట్టిన గోస్తనీ నది బొర్రా గుహల గుండా ప్రవహించి, తాటిపూడి జలాశయంలో కొంత విశ్రమించి, పద్మనాభం మీదుగా భీమునిపట్నం చేరి సముద్రంలో కలుస్తుంది. భీమిలి తీరం నుండి తూర్పు కనుమల దాకా సైకిళ్ళపై వెళ్ళదలచిన బృందానికి ఇంతకు మించిన దారి మరొకటి లేదు. నది దిగివచ్చిన మార్గాన్ని మనిషి తన కాలిబలంతో ఎక్కడమే ఆ ఒక్కనాటి యాత్ర.

సుదూర సైకిలు యాత్రలకు ప్రపంచంలో గౌరవప్రదమైన సంప్రదాయం ఉన్నది. ఫ్రాన్సులో 1891లో మొదలైన పారిస్-బ్రెస్ట్-పారిస్ యాత్ర నేటికీ నాలుగేళ్ళకొకసారి జరుగుతున్నది. సుమారు 1200 కిలోమీటర్ల దూరాన్ని గరిష్ఠంగా 90 గంటలలో పూర్తిచేయాలి. భారతీయులు కూడా వందల సంఖ్యలో దానిలో పాల్గొంటున్నారు. ఆ యాత్రకు అర్హత సంపాదించే దారిలో మొదటి మెట్టు 200 కిలోమీటర్ల సవారీ. దానికి గడువు పదమూడున్నర గంటలు. లెక్కవేస్తే, విరామాలతో కలిపి గంటకు పదిహేను కిలోమీటర్లయినా అవసరం లేదు. అక్కడ ప్రథమ, ద్వితీయ స్థానాలు లేవు. గడువులోగా చేరిన వారందరూ సమానులే. నిదానానికి ఇంత చోటిచ్చిన ఈ పద్ధతిని అనుసరిస్తూ కూడా సగటు వేగాన్నే పదే పదే చూసుకొనేవారిని ఏమనాలి?

ఆగవలసిన చోట్లు ఈ దారిలో అనేకం. భీమిలికి సమీపాననే ఎర్రమట్టి దిబ్బలున్నాయి. వేలాది సంవత్సరాల కాలంలో గాలి మోసుకొచ్చిన ఇసుక, సముద్రమట్టంలో వచ్చిన మార్పులు, వాన నీటి కోత కలిసి వాటిని తీర్చాయి. ఇరుకైన గండ్లు, నిట్టనిలువు గట్లు, వాటి నడుమ వంకరలు తిరిగిన కాలువలు చూస్తే పెద్ద లోయల సీమను ఎవరో కుదించి సముద్రపు ఒడ్డున పెట్టినట్లుంటుంది. సినిమా పాటల పుణ్యమా అని వీటిని చూడని తెలుగువాడు అరుదు. ఎలా ఏర్పడ్డాయో తెలిసినవాడు మరీ అరుదు. 2025లో ఇవి యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరాయి. సైకిళ్ళను రోడ్డు పక్కనే నిలిపి లోపలికి నడిచి వెళ్ళడం మర్యాద. వాన కోతకే ఒరిగిపోయే గట్లపై చక్రాలు నడిపి సాహసమని చెప్పుకోవడం తగదు.

తగరపువలస వద్ద జాతీయ రహదారిని దాటి లోపలికి సాగితే పద్మనాభం. కొండపై అనంత పద్మనాభస్వామి, కొండ దిగువన కుంతీమాధవస్వామి. వేయికి పైగా ఉన్న మెట్లెక్కి చూస్తే గోస్తని లోయ అంతా కనిపిస్తుంది. ప్రశాంతమైన ఈ నేలపైననే 1794 జూలై 10న విజయనగర ప్రభువు చిన విజయరామ గజపతిరాజు ఈస్టిండియా కంపెనీ సేనలతో పోరాడి మరణించాడు. కంపెనీ అడిగిన పేష్కషు బకాయిలు ఆయన చెల్లించలేకపోయాడు; సంస్థానాన్ని విడిచి మచిలీపట్నం వెళ్ళమన్న ఆజ్ఞను పాటించలేదు. ప్రెండర్‌గాస్ట్ నాయకత్వంలో వచ్చిన సైన్యం ముందు ఆ పోరు గంటసేపైనా నిలువలేదంటారు. కానీ ఆ కొద్దిసేపటిలోనే ఉత్తరాంధ్ర చరిత్ర మలుపు తిరిగింది. ఆయన కుమారునికి తరువాత సంస్థానం దక్కినా, దాని విస్తీర్ణం, అధికారం బాగా తగ్గిపోయాయి. కారులో వెళ్ళేవాడికి పద్మనాభం ఒక పేరుపలక మాత్రమే. సైకిలుపై వెళ్ళేవాడికి కూడా అంతే అయితే అంత చెమటోడ్చడం దేనికి?

శృంగవరపుకోట దాటిన తరువాత ఘాట్ రోడ్డు మొదలవుతుంది. మైదానంలో బృందానికి ఒక సౌకర్యమున్నది. ముందున్నవాడు గాలిని చీలుస్తుంటే వెనుకవారి శ్రమ తగ్గుతుంది. వంతులవారీగా ముందు స్థానం మారుతుంది. కొండపై వేగం తగ్గడంతో ఆ సాయం దాదాపు ఉండదు. అక్కడ ప్రతివాడూ తన బరువును తానే మోయాలి. బృందం నిజంగా బృందమో కాదో తేలేది ఈ వంపులలోనే. బలమైనవారు పైకి చేరి కాఫీ తాగుతూ కూర్చుంటే, చివరివాడు వచ్చేసరికి వారు మళ్ళీ బయలుదేరుతారు. అందరికంటె అలసిన వానికి అందరికంటె తక్కువ విశ్రాంతి! చివరివాడు చేరి సేదతీరిన తరువాతనే కదలాలన్న నియమం లేని బృందాన్ని గుంపు అనడమే న్యాయం.

ఈ దారిలో మరొక బృందం కూడా ఉన్నది. దానికి పేరు లేదు, ప్రత్యేకమైన దుస్తులు లేవు. చీకటితోనే పాలక్యాన్లు, కూరగాయల బుట్టలు కట్టుకొని పట్నం వైపు తొక్కేవారు, సాయంకాలం పని ముగించుకొని ఇంటిదారి పట్టే కూలీలు ఆ బృందంలోనివారు. ఖరీదైన సైకిలుపై వెళ్ళేవారిని చూసి చేతులూపే జనం, వీరిని చూసి హారన్ మోగిస్తారు. సైకిలు పేదవాని వాహనంగా ఉన్నంతకాలం దానికొక దారి కావాలని అడిగినవారు తక్కువ. ఇప్పుడు చదువుకున్నవారు, ఉద్యోగులు సరదాకు సైకిలెక్కుతున్నారు. వారి మాట అధికారుల చెవికి ఎక్కుతుంది. అయితే వారు అడుగుతున్నది తరచుగా సముద్రతీరంలో ఉదయపు షికారుకు మాత్రమే సరిపోతుంది. అడగవలసింది తగరపువలస కూడలిలో, లారీల నడుమ, చీకటివేళ పాలక్యానుతో రోడ్డు దాటే మనిషికి కావలసిన చోటును.

సుదూర యాత్రల నియమావళి ప్రకారం రాత్రివేళ దీపాలు, వెలుగును ప్రతిఫలించే చొక్కా తప్పనిసరి. అవి లేనివానిని యాత్రలో కొనసాగనివ్వరు. అదే రోడ్డుపై, అదే చీకటిలో, రోజూ తొక్కేవాని సైకిలు వెనుక మడ్‌గార్డుపై మెరిసే పట్టీ ముక్క కూడా ఉండదు. దాని వెల కొద్ది రూపాయలు. భీమిలి నుండి బయలుదేరే బృందం తన సంచులలో అలాంటి పట్టీలు కొన్ని వేసుకొని, పద్మనాభంలో టీ తాగడానికి ఆగినప్పుడు అక్కడ నిలిపి ఉన్న సైకిళ్ళకు, యజమానులను అడిగి అంటించవచ్చు. పావుగంట పని, పదమూడున్నర గంటల గడువులో అది ఎక్కువేమీ కాదు.