జాతి అను మాట చాలునా?

తెలుగులో "జాతి" అను మాట మోయవలసిన బరువులు పెక్కు. పూలకును, పశువులకును, కులమునకును, దేశమునకును ఆ ఒక్క మాటయే. విదేశీ వైద్యుల లెక్కలను తెలుగు చేయువారు సైతము దానినే ఆశ్రయించుచున్నారు. "జీర్ణాశయపు రాచపుండు ఫలానా జాతి యువకులలో హెచ్చు" అని వ్రాసినచో చదువరి దానిని రక్తదోషమనియే తలచును. మాట తెచ్చిన ఈ చిక్కు చిన్నది కాదు.

అమెరికా లెక్కలనే చూతము. ఈ వ్యాధి సాధారణముగా వయసు మళ్ళినవారిది. అయినను 50 ఏండ్లు నిండనివారిలో అది తెల్లవారికంటె హిస్పానిక్ జనులకు హెచ్చుగా వచ్చుచున్నది. హిస్పానిక్ అనునది ఏ రక్తమునకు పేరు? మెక్సికో రైతును, ప్యూర్టోరికో నావికుని, పెరూ కొండవానిని ఒక్కటిగా కట్టిన త్రాడు స్పానిష్ భాష. భాష పేరిట కట్టిన మూట జీర్ణాశయమును ఏమి చేయగలదు?

జపానునుండి హవాయికి, కాలిఫోర్నియాకు వలసపోయినవారి కథ మరింత స్పష్టము. వలసపోయిన తరమువారు స్వదేశపు ప్రమాదమును చాలవరకు వెంటగొనిపోయిరి. అక్కడ పుట్టిన వారి బిడ్డలలో అది తగ్గినది. పరిశోధకులు 1960లలోనే దీనిని గుర్తించిరి. రక్తము మారలేదు, మారినవి ఇల్లు, ఆహారము, పసితనము.

పసితనమని ఊరక అనలేదు. 1982లో ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరమున వారెన్, మార్షల్ అను వైద్యులు కనుగొన్న హెలికోబాక్టర్ పైలోరీ అను సూక్ష్మజీవి చాలమందికి చిన్ననాడే, ఇరుకిండ్లలో, ఒకరినుండి ఒకరికి సోకును. రాచపుండునకు అదియు ఒక కారణమని 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సరు పరిశోధనశాఖ నిర్ణయించినది.

మరి వంశము మాటేమి అందురా? అదియు కలదు, కాని వంశము వేరు, జాతి వేరు. న్యూజిలాండులో ఒక మావొరీ కుటుంబము 30 ఏండ్లలో పాతికమందిని ఈ వ్యాధికి కోల్పోయినది. వారిలో కడు చిన్నవయసు 14 ఏండ్లు. శాపమని కొందరు తలచిరి. ఆ కుటుంబమువారే ఒటాగో విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులతో చేయి కలిపి, రక్తమిచ్చి, వంశవృక్షము చెప్పిరి. 1998లో దోషము బయల్పడినది. అది జీవకణములను ఒకదానితో నొకటి అతికి నిలుపు పదార్థమును తయారుచేయు జన్యువులోనిది. తల్లికో తండ్రికో ఉన్నచో బిడ్డకు వచ్చుటకు సగము అవకాశము. అట్టి దోషమే అనతికాలములో ఐరోపా కుటుంబములందును కనబడినది. శాపమనుకొన్నవారిని నేను పరిహసింపను. "జాతి లక్షణము" అని ఊరకుండువారికంటె వారు ఒక అడుగు ముందున్నారు. కారణము వెదకిరి గదా!

అట్లని పట్టికలలో ఆ గడిని తుడిచివేయుడనువారితో నేను ఏకీభవింపను. మావొరీలకు ఈ వ్యాధి ఇతరులకంటె హెచ్చుగా, చిన్నవయసుననే వచ్చుచున్నదని తెలిపినది ఆ గడియే. అది లేనిచో వారి దుఃఖము సగటు అంకెలో మునిగిపోవును. నా తగవు గడితో కాదు, దానిని చదువు తీరుతో. 25 ఏండ్ల యువకుడు నెలల తరబడి కడుపునొప్పియు, ఆకలి చచ్చుటయు, బరువు తగ్గుటయు చెప్పుకొన్నపుడు "మీవారికి ఇది రాదు" అని పంపివేయుట ఎంత ప్రమాదమో, "మీవారికి ఇది మామూలే" అనుటయు అంతే. ఇంట మరెవరికైన వచ్చినదా అని ముందు అడుగవలెను.

తరగతిలో ఇట్టి పట్టికను చదివించు ఉపాధ్యాయులు "జాతి"కి మారుగా "జనవర్గము" అని వాడిన బాగుండును. ఆ మాట కొంత మోటు, నిజమే. కాని అది విన్న విద్యార్థి "ఈ వర్గమును ఎవరు కూర్చిరి? ఎట్లు కూర్చిరి?" అని అడుగుటకు వీలున్నది.