ఎనిమిది లక్షలకి దొరికిన యాభై లక్షల బండి

ఈసారి మిరప ధర గురించీ, యూరియా కట్టల గురించీ కాదు. కారు గురించి. అదీ పదేళ్ళు దాటిన పాత బెంజి, పాత బీఎండబ్ల్యూ, పాత ఆడీ గురించి. "నీకెందుకయ్యా కార్ల గోల" అంటారని తెలుసు. రోడ్డుకి భూమి పోయి పరిహారం పడ్డ ఊళ్ళలో, పంటకి మంచి రేటు వచ్చిన ఏడాది ఏం జరుగుతోందో చూస్తున్నాను కాబట్టి రాస్తున్నా.

ఫోన్ తీస్తే చాలు, ఒకడు నల్లద్దాలు పెట్టుకుని మెరిసే బండి పక్కన నిలబడి అరుస్తాడు. "అన్నా, కొత్త చిన్నకారు రేటుకే జర్మన్ బండి! సింగిల్ ఓనర్! డాక్టర్ గారి బండి!" ఈ రాష్ట్రంలో ఉన్న డాక్టర్లందరూ కార్లు అమ్ముకునే పనిలోనే ఉన్నారా అని నాకో డౌటు.

ఆ వీడియోలో చెప్పని మాట ఒకటుంది. బండి రేటు పడింది గానీ, దాని విడిభాగాల రేటు పడలేదు. పన్నెండేళ్ళ కిందట యాభై లక్షలు పెట్టి కొన్న బండిని మీరు ఎనిమిది లక్షలకి తెచ్చుకోవచ్చు. దాని హెడ్‌లైటు, గేర్‌బాక్సు, ఇంజెక్టర్లు మాత్రం యాభై లక్షల బండివే. అవి మీ ఎనిమిది లక్షల మొహం చూసి రేటు తగ్గించుకోవు. మొదటి ఓనరు వాటిని తట్టుకునే స్తోమత ఉన్నవాడు. ఆయన ఎందుకు వదిలించుకున్నాడో ఒక్కసారి ఆలోచించండి. సరదా తీరి కొందరు అమ్ముతారు, నిజమే. వారంటీ అయిపోయి, పెద్ద ఖర్చు గుమ్మంలోకి వచ్చిందని తెలిసి అమ్మేవాళ్ళు ఎక్కువ.

మనం ఎద్దుల సంతకి వెళ్తే ఎలా కొంటాం? నోరు తెరిచి పళ్ళు లెక్కపెడతాం. సుడులు చూస్తాం. నడిపించి చూస్తాం, కాడి కట్టి చూస్తాం. కొమ్ములు చెక్కి, ఒంటికి నూనె రాసి తెచ్చిన ఎద్దుని అంత దూరం నుంచే పసిగడతాం. ఆ మనిషే కారు దగ్గరికొచ్చేసరికి పాలిష్ మెరుపు చూసి అడ్వాన్స్ ఫోన్‌పే చేస్తాడు! నూనె రాసిన ఎద్దుకీ పాలిష్ కొట్టిన బండికీ తేడా ఏముంది?

సరే, పళ్ళు ఎలా చూడాలో చెప్తా.

బండి చూడటానికి పొద్దున్నే వెళ్ళండి, చెప్పకుండా అరగంట ముందే వెళ్ళండి. వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే వాడు మీరు రాకముందే స్టార్ట్ చేసి పెట్టాడన్నమాట. "రేపొస్తా, ముట్టుకోకండి" అని చెప్పి వచ్చేయండి. ఇంజన్ రోగాలన్నీ చల్లగా ఉన్నప్పుడు మొదటిసారి తిప్పినప్పుడే బయటపడతాయి. ఉదాహరణకి బీఎండబ్ల్యూ ఎన్47 అనే రెండు లీటర్ల డీజిల్ ఇంజన్. 2007 నుంచి కొన్నేళ్ళపాటు 320డీ, 520డీ, ఎక్స్1 లాంటి బండ్లలో వచ్చింది, మన దేశంలో బాగా అమ్ముడైంది. మన దగ్గర ఇప్పుడు చవగ్గా దొరికేవి చాలావరకు ఇవే. దీని టైమింగ్ చైను అరిగిపోవడం ప్రపంచమంతా తెలిసిన సమస్య. చాలా ఇంజన్లకి చైను ముందు వైపు ఉంటుంది, దీనికి వెనక, గేర్‌బాక్సు వైపు ఉంది. అంటే చైను మార్చాలంటే గేర్‌బాక్సు దించాలి, చాలాచోట్ల ఇంజన్ కూడా బయటికి తీస్తారు. చైను ఖరీదు కాదు, ఆ దించి ఎక్కించే ఖర్చే నడుం విరుస్తుంది. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసినప్పుడు వెనక వైపు నుంచి గరగరమని గొలుసు ఈడ్చిన చప్పుడు వస్తే ఇక బేరం మాట్లాడొద్దు. చైను తెగితే ఇంజనే పోతుంది.

ఆడీలో 2008 నుంచి నాలుగైదేళ్ళు వచ్చిన రెండు లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజన్లది వేరే జబ్బు, నూనె తాగుతాయి. పిస్టన్ రింగుల దగ్గర లోపం. అమ్మేవాడు ముందు రోజే నూనె నింపి పెడతాడు, డిప్‌స్టిక్ చూస్తే అంతా బాగానే ఉంటుంది. సర్వీసు పుస్తకంలో మధ్యమధ్యలో నూనె పోయించుకున్న లెక్కలు వెతకండి. పొగ గొట్టం నుంచి నీలం పొగ వస్తుందా చూడండి. ట్రాక్టర్ కొనేటప్పుడు మనం చూసేదే కదా ఇది.

ఇక ఎయిర్ సస్పెన్షన్. పెద్ద బెంజిల్లో, ఆడీ క్యూ7 లాంటివాటిలో స్ప్రింగుల బదులు గాలి సంచులు ఉంటాయి. రబ్బరు కాబట్టి ఏళ్ళు గడిచేకొద్దీ పగుళ్ళు వస్తాయి. సంచి లీకైతే కంప్రెసర్ ఆగకుండా తిరిగి తిరిగి అదీ కాలిపోతుంది. ఒకటి పోతే రెండు ఖర్చులు. కనిపెట్టడం మాత్రం చాలా తేలిక. రాత్రి పార్క్ చేసిన బండిని తెల్లారి స్టార్ట్ చెయ్యకముందు చూడండి. ఒక మూలకి కూర్చుని ఉంటే అది గాలి పోయిన బండి. అందుకే పొద్దున్నే వెళ్ళమన్నది.

గేర్‌బాక్సు నూనె సంగతి మరీ విచిత్రం. "లైఫ్‌టైమ్ ఆయిల్ సార్, మార్చక్కర్లేదు" అంటారు. కారు కంపెనీలూ అలాగే చెప్తూ వచ్చాయి. ఆ గేర్‌బాక్సు తయారుచేసే జెడ్‌ఎఫ్ అనే జర్మన్ కంపెనీయేమో 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్లలోపు, లేదా ఎనిమిదేళ్ళకి మార్చమంటుంది. ఎవరి మాట వినాలి? తయారుచేసినవాడి మాటే వినాలి. లైఫ్‌టైమ్ అంటే ఎవరి లైఫ్ అనుకున్నారు, వారంటీ లైఫ్! గేర్‌బాక్సు నూనె మార్చిన బిల్లు లేకపోతే ఆ ఖర్చు మీ నెత్తిన పడ్డట్టే లెక్క.

ప్లాస్టిక్ గురించి ఎవరూ మాట్లాడరు. ఈ బండ్లలో నీళ్ళ ట్యాంకు, పైపుల కనెక్టర్లు, థర్మోస్టాట్ డొప్ప, అన్నీ ప్లాస్టిక్కే. మన పల్నాటి ఎండల్లో పదేళ్ళు వేడెక్కి చల్లారి అప్పడంలా పెళుసు తేలుతుంది. హైవే మీద ఒక్కసారి నీళ్ళు కారిపోయి, మీటర్ ఎర్రగా చూపిస్తున్నా "ఇంకో పది కిలోమీటర్లేగా" అని లాగితే హెడ్ పోతుంది.

మా పక్కూరి కుర్రాడొకడు పరిహారం డబ్బుతో ఇలాంటి జర్మన్ డీజిల్ బండే తెచ్చాడు. మీటర్లో యాభై రెండు వేల కిలోమీటర్లు. మూడో నెలలో చప్పుడు మొదలైంది. దించి చూస్తే కొన్న ధరలో సగానికి పైగా ఎస్టిమేట్. అమ్మినవాడి దగ్గరికి వెళ్తే "ఉన్నది ఉన్నట్టు" అమ్మానని రాసిన కాగితం చూపించాడు, కింద కుర్రాడి సంతకమే ఉంది. తర్వాత చాసిస్ నంబరుతో సర్వీసు చరిత్ర తీయిస్తే, రెండేళ్ళ ముందే లక్షా ముప్ఫై వేలు తిరిగిన బండి అది. ఇప్పుడది గొడ్ల చావిట్లో పట్టా కింద ఉంది. వాళ్ళమ్మాయి ఇంజనీరింగ్ ఫీజుకి మళ్ళీ వడ్డీ డబ్బే తెచ్చారు.

కాబట్టి మీటర్‌ని నమ్మొద్దు. చాసిస్ నంబరు తీసుకుని కంపెనీ సర్వీస్ సెంటర్లో చరిత్ర అడగండి. అమ్మేవాడిని వెంటబెట్టుకుని వెళ్ళండి. రానంటే అక్కడే అర్థమైపోతుంది. యాభై వేలు తిరిగిన బండికి బ్రేకు పెడల్ రబ్బరు నున్నగా అరగదు, డ్రైవర్ సీటు అంచు చిరగదు. టైరు మీద నాలుగంకెలు ఉంటాయి, మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. నాలుగు టైర్లూ నాలుగు సంవత్సరాలవైతే ఆ బండిని చూసుకున్నవాడు ఎలాంటివాడో తెలుస్తుంది. స్కానర్ పెట్టించండి. ఎర్రర్లు ఏమీ లేవని మురిసిపోకండి, ముందు రోజు చెరిపేసి ఉండొచ్చు. బండి తన స్వీయ పరీక్షలు పూర్తిచేసిందా లేదా అనేది కూడా స్కానర్లో కనపడుతుంది. పూర్తికాలేదని వస్తే ఈమధ్యే చెరిపారని, లేదా బ్యాటరీ తీసి పెట్టారని అనుమానించాల్సిందే.

నీటి మునక బండ్లు. ఇది మనవాళ్ళు ప్రత్యేకంగా చూసుకోవాలి. 2015 డిసెంబర్లో చెన్నై, 2020 అక్టోబర్లో హైదరాబాద్, 2024 సెప్టెంబర్లో బుడమేరు పొంగి విజయవాడ. మునిగిన కార్లన్నీ తుక్కుకి పోయాయని ఎవరైనా అంటే నవ్వుకోండి. సీటు బెల్టుని చివరిదాకా బయటికి లాగి చూడండి, ఆఖరి మూరలో బురద మరక ఉంటుంది. సీటు కింద పట్టాలు తుప్పు పట్టాయా, డిక్కీలో స్టెప్నీ గుంటలో ఒండ్రు ఉందా చూడండి. ఈ బండ్లలో కంప్యూటర్ పెట్టెలు కొన్ని కార్పెట్ కిందా సీటు కిందా ఉంటాయి. నీళ్ళు తాగిన పెట్టె ఆ రోజే చావదు, ఏడాదికో రెండేళ్ళకో ఒక్కో స్విచ్చూ చంపుతూ పోతుంది.

ఇన్సూరెన్స్ ఉందిలే అంటారు. పాత బండికి జీరో డిప్రిసియేషన్ ఇవ్వడానికి చాలా కంపెనీలు ఇష్టపడవు. అది లేకపోతే ప్లాస్టిక్, రబ్బరు భాగాలకి సగం డబ్బు మీరే పెట్టుకోవాలి. పదేళ్ళు దాటితే ఇనుప భాగాలకీ సగమే. పైగా పాలసీలో బండి విలువ ఏడెనిమిది లక్షలే రాస్తారు. రిపేరు ఖర్చు ఆ విలువలో 75 శాతం దాటితే టోటల్ లాస్ కింద లెక్క. ముందు నుంచి ఒక గట్టి గుద్దు తగిలి హెడ్‌లైట్లు, రేడియేటర్, ఎయిర్‌బ్యాగులు పోతే చాలు, ఈ బండ్లు ఆ గీత దాటేస్తాయి. అలా దాటిన బండ్లని వేలంలో కొని, దొరికిన పార్టులతో అతికించి, పాలిష్ కొట్టి, వీడియోలో "నాన్ యాక్సిడెంట్" అంటారు. ఎయిర్‌బ్యాగ్ పెట్టించకుండా లైటు మాత్రం ఆర్పేసిన బండ్లు కూడా ఉంటాయి. తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి, కొన్ని సెకన్లకి ఆరాలి. అసలు వెలగకపోతే దిగి వచ్చేయండి. అది మీ పెళ్ళాం బిడ్డల ప్రాణం సంగతి.

ఇక కాగితాలు. "ఢిల్లీ బండి, చవక" అంటారు. ఎందుకు చవకో చెప్పరు. అక్కడ పదేళ్ళు దాటిన డీజిల్, పదిహేనేళ్ళు దాటిన పెట్రోల్ బండ్లు తిరగకూడదని 2015లో హరిత ట్రిబ్యునల్ చెప్పింది, 2018లో సుప్రీంకోర్టూ అదే అంది. తర్వాత సడలింపులంటూ నడుస్తున్నా, ఆ భయంతోనే తక్కువకి వదిలించుకుంటున్నారు. అక్కడి నుంచి తేవాలంటే ఎన్‌వోసీ కావాలి, అంటే ఫారం 28. ఇక్కడ జీవిత పన్ను మళ్ళీ కట్టాలి. ఆ పన్ను మీరిచ్చిన ఎనిమిది లక్షల మీద కాదు, బండి అసలు ధర మీద, వయసుకి తగ్గ శాతం వేసి లెక్కిస్తారు. చూశారా, యాభై లక్షలు ఇక్కడా వెంటపడింది! హైదరాబాద్ నుంచి తెచ్చుకున్నా మనకి పక్క రాష్ట్రం బండే. పదిహేనేళ్ళు నిండితే రిజిస్ట్రేషన్ రెన్యువల్. 2022 ఏప్రిల్ నుంచి కారుకి 600 ఉన్న ఫీజు 5,000 అయింది, విదేశం నుంచి దిగుమతైన కారుకైతే 40,000. బండి ఇక్కడ బిగించినదా, బయట నుంచి మొత్తంగా వచ్చినదా అనేది కొనేముందే తేల్చుకోండి, పార్టులు దొరకడానికీ అదే లెక్క. లోను తీరితే ఫారం 35 ఉండాలి. 2025 సెప్టెంబర్లో కేరళలో కస్టమ్స్ వాళ్ళు, భూటాన్ నుంచి దొంగ కాగితాలతో వచ్చాయని ఖరీదైన బండ్ల కోసం సినిమావాళ్ళ ఇళ్ళలోనే సోదాలు చేశారు. పేరున్నవాళ్ళ వాకిట్లోకే వచ్చినవాళ్ళు మన వాకిట్లోకి రారా?

"ఏం, రైతు బెంజిలో తిరగకూడదా?" అని కొందరికి రోషం వస్తుంది. తిరగాలి. దర్జాగా తిరగాలి. నేను అడిగేది ఒక్కటే. బండి ఖరీదులో మూడో వంతు డబ్బు, మొదటి ఏడాది రిపేర్లకని విడిగా బ్యాంకులో ఉంచగలరా? ఉంచగలిగితే, చరిత్ర మొత్తం ఉన్న బండిని, ఒకరిద్దరు ఓనర్ల చేతిలోనే ఉన్నదాన్ని, పది వేలు ఎక్కువైనా కొనుక్కోండి. ఎనిమిది లక్షలే ఉంటే ఎనిమిది లక్షల బండి కొనకండి, ఐదారు లక్షలది చూడండి. అది బెంజి కాకపోవచ్చు. మన నరసరావుపేట మెకానిక్కు విప్పగలిగే బండి అయితే చాలు. చాలా బీఎండబ్ల్యూలకి స్టెప్నీ కూడా ఉండదు, రన్‌ఫ్లాట్ టైర్లు. పొలం దారిలో తుమ్మ ముల్లు దిగితే పంక్చర్ షాపు కుర్రాడు దాన్ని చూసి తల గోక్కుంటాడు.

అమ్మేవాడి "రెండొందల పాయింట్ల చెకింగ్" సర్టిఫికెట్టు పక్కన పడేయండి, అది వాడి దళారి రాసిన చీటీ. మీరు డబ్బిచ్చి, మీకు తెలిసిన జర్మన్ బండ్ల మెకానిక్కుని తీసుకెళ్ళండి. లిఫ్ట్ మీద ఎక్కించి కింద నుంచి చూడనివ్వాలి, గంటసేపు హైవే మీద నడపనివ్వాలి. రెండు తాళాలూ చేతికివ్వాలి. రెండోది "ఇంట్లో ఎక్కడో ఉంది, పంపిస్తా" అంటే దాని ధర కంపెనీలో అడిగి, బేరంలో అంత కోయండి. వీటిలో దేనికి వాడు మొహం చిట్లించినా అడ్వాన్స్ ఇవ్వకండి, "సాయంత్రానికి వేరే పార్టీ వస్తోంది" అన్నా సరే. ఆ వేరే పార్టీనే కొనుక్కోమనండి.